పాడైన జన్యువే పైరును నిలబెట్టింది

బాపట్ల నుంచి 1986లో విడుదలైన బీపీటీ-5204ను మనం సాంబ మసూరి అంటాం. తెలుగు ఇళ్లలో సన్న బియ్యం అంటే చాలాకాలం ఇదే గుర్తొచ్చేది. దీని వంశంలో మూడు రకాల వరి ఉంది: జీఈబీ-24, తైచుంగ్ నేటివ్-1, మసూరి. మొదటిది కోయంబత్తూరులో వందేళ్ల కిందట వెలుగులోకి వచ్చిన మేలురకం. కోనామణి అనే మన కోస్తా పాత వరిలో ఎవరి ప్రమేయమూ లేకుండా వచ్చిన ఒక మార్పును గమనించి, ఆ మొక్కను వేరుచేసి పెంచితే వచ్చింది. రెండోది తైవాన్ పొట్టి రకం. దాని పొట్టితనానికి కారణం ఒక జన్యువు పాడైపోవడం.

వరి మొక్క ఎదగడానికి జిబ్బరెలిన్ అనే హార్మోను కావాలి. దాన్ని తయారుచేసే ఎంజైములలో ఒకదాని జన్యువులోంచి 383 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయాయి. ఎంజైము సరిగా తయారుకాదు, హార్మోను తగ్గుతుంది, కాడ పొట్టిగా ఆగిపోతుంది. చదివితే అంగవైకల్యం లాగే ఉంది. కానీ పొడవాటి పాత రకాలకు యూరియా వేస్తే ఏమయ్యేదో పెద్దవయసు రైతులను అడగండి. ఏపుగా పెరిగి, కంకి బరువెక్కగానే చేను మొత్తం నేలవాలేది. పొట్టి కాడ ఎంత ఎరువు వేసినా నిలబడింది, తిన్నదంతా గింజకు ఇచ్చింది. ఇదే పాడైన జన్యువుతో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8ను విడుదల చేసింది. మరుసటి ఏడే దాన్ని పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో పండించి చూపించిన నెక్కంటి సుబ్బారావుకు 'మిస్టర్ ఐఆర్-8' అన్న పేరే స్థిరపడింది.

అదే మొక్కను ఎరువు లేని చోట, తనకంటే ఎత్తయిన గడ్డి మధ్య, లోతు నీళ్లు నిలిచే పల్లపు పొలంలో వేసి చూడండి. వెలుతురు అందక, తల మునిగి, ఒక్క కాపుకే కనుమరుగవుతుంది. జన్యువు అదే, లోపమూ అదే, మారింది పొలం ఒక్కటే.

అందుకే మ్యుటేషన్, అంటే జన్యువులో వచ్చే మార్పు, మంచిదా చెడ్డదా అని అడిగితే నా మటుకు నాకు ఆ ప్రశ్నే అసంపూర్తిగా కనిపిస్తుంది. ఏ జన్యువులో వచ్చింది? ఆ జీవిలో మారిన జన్యువుకు ఎన్ని కాపీలున్నాయి? అది బతుకుతున్న పరిసరాలేమిటి? ఈ మూడూ తెలియకుండా తీర్పు చెప్పడం కుదరదు.

మూడేసి అక్షరాల భాష

డీఎన్‌ఏ అనే పొడవాటి దారంలో ఉండేవి నాలుగు రసాయన అక్షరాలు: ఏ, టీ, జీ, సీ. మనిషి కణంలో తల్లి నుంచి సుమారు 300 కోట్లు, తండ్రి నుంచి మరో 300 కోట్లు ఉంటాయి, అంటే దాదాపు ప్రతి జన్యువుకూ రెండు కాపీలు. ప్రోటీన్ తయారయ్యేటప్పుడు కణం వీటిని మూడేసి చొప్పున చదువుతుంది. మూడక్షరాల మాట దాదాపు ఒక్కొక్కటీ ఒక అమైనో ఆమ్లాన్ని, అంటే ప్రోటీన్ గొలుసులో ఒక పూసను, సూచిస్తుంది. ఈ వరుసలో వచ్చే ఏ శాశ్వతమైన మార్పునైనా మ్యుటేషన్ అంటాం. మన పాఠ్యపుస్తకాల్లో ఉత్పరివర్తనం.

మార్పు ఒక్క అక్షరం కావచ్చు. కొన్ని అక్షరాలు ఊడిపోవచ్చు, అదనంగా చేరవచ్చు. ఒక జన్యువు మొత్తం రెండుసార్లు రాయబడవచ్చు. క్రోమోజోము (డీఎన్‌ఏ దారం చుట్టుకున్న ఒక కట్ట) ముక్క విరిగి ఇంకోదానికి అతుక్కోవచ్చు, లేదా డౌన్ సిండ్రోమ్‌లో లాగా ఒక క్రోమోజోమే అదనంగా రావచ్చు. ఊడిపోవడంలో ఒక చిత్రం ఉంది. మూడక్షరాలు ఊడితే చాలాసార్లు ఒక్క అమైనో ఆమ్లం తగ్గడంతో సరిపోతుంది. ఒక్కటో రెండో ఊడితే అక్కడి నుంచి చదివే వరుసే జరిగిపోయి, ఆ తర్వాతి ప్రతి మాటా మారిపోతుంది. తక్కువ పోతే ఎక్కువ నష్టం!

ఇవన్నీ విన్నాక మార్పంటేనే ముప్పు అనిపించడం సహజం. నిజానికి ఎక్కువ మ్యుటేషన్లకు ఏ ఫలితమూ ఉండదు. మన డీఎన్‌ఏలో ప్రోటీన్లకు సంకేతమిచ్చే భాగం రెండు శాతం కూడా లేదు. ఆ భాగంలోనూ మూడక్షరాల మాటలు 64 ఉంటే అమైనో ఆమ్లాలు 20 మాత్రమే, కాబట్టి చాలా ఆమ్లాలకు ఒకటికంటే ఎక్కువ మాటలుంటాయి. అక్షరం మారినా అర్థం మారని సందర్భాలు బోలెడు.

ఆరో స్థానం

అర్థం మారిన సందర్భాల్లో శాస్త్రం అన్నిటికంటే లోతుగా తవ్వినది సికిల్‌సెల్ వ్యాధి. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వైపు ఏజెన్సీల్లో పనిచేసిన వైద్య సిబ్బందికి ఇది రోజూ వినే పేరు.

షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో, గ్రెనడా దీవి నుంచి దంతవైద్యం చదవడానికి వచ్చిన ఒక యువకుడి రక్తంలో కొడవలి ఆకారపు కణాలను వర్ణించాడు. అవి అలా ఎందుకు వంగాయో దాదాపు నలభై ఏళ్ల పాటు తెలియలేదు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం, ఈ రోగుల హిమోగ్లోబిన్ (ఎర్ర రక్తకణాల్లో ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్) విద్యుత్ క్షేత్రంలో వేరే వేగంతో కదులుతుందని చూపించింది. అంటే తేడా కణంలో కాదు, ప్రోటీన్ అణువులోనే ఉంది. ఆ తేడా ఏమిటో 1956-57లో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటే, ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంది. మిగతా 145 సరిగ్గానే ఉన్నాయి. 11వ క్రోమోజోము మీద జీఏజీ అనే మాట జీటీజీ అయింది. ఏ బదులు టీ, అంతే.

గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసిపోతుంది. వాలీన్‌కు నీళ్లంటే పడదు. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వదిలేసిన క్షణంలో ఈ వాలీన్, పక్క అణువులోని ఒక గుంటలోకి దూరి అతుక్కుంటుంది. దానికి ఇంకోటి, ఇంకోటి. అణువులన్నీ పొడవాటి ఊచలుగా పేరుకుని, గుండ్రని ఎర్ర రక్తకణాన్ని లోపలి నుంచి సాగదీస్తాయి. అలా వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటే ఎముకలు పిండినట్టు నొప్పి. నాలుగు నెలలు బతకాల్సిన కణం రెండు మూడు వారాల్లోనే చితికిపోతుంది కాబట్టి రక్తహీనత.

ఇదంతా తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు కాపీలూ మారినవే అందినవారికి. ఒక్క కాపీయే మారినవారు వాహకులు. వాళ్ల కణాల్లో సగానికి పైగా మామూలు హిమోగ్లోబినే ఉంటుంది, రోజువారీ జీవితంలో ఇబ్బంది దాదాపు ఉండదు.

ఇంత బాధపెట్టే అక్షరం జనంలోంచి చెరిగిపోకుండా ఎందుకు మిగిలింది? 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికా నుంచి జవాబు తెచ్చాడు. మలేరియా ఎక్కువున్న చోటే ఈ అక్షరం ఎక్కువగా ఉంది. ఒక్క కాపీ ఉన్న పిల్లలను ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా అంత తేలిగ్గా చంపలేకపోతోంది. రెండు కాపీలున్న బిడ్డ వ్యాధితో పోతే, ఏ కాపీ లేని బిడ్డ మలేరియాతో పోయేది. ఒక్క కాపీ ఉన్న బిడ్డ బతికి, ఆ అక్షరాన్ని తర్వాతి తరానికి అందించేది. మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసులలో దీన్ని మొదట గుర్తించారు. ఆ తర్వాత మధ్య భారతం నుంచి మన ఏజెన్సీల దాకా విస్తరించి ఉందని తేలింది. దోమలున్న అడవుల పటాన్నీ ఈ అక్షరం పటాన్నీ పక్కపక్కన పెడితే పోలిక తెలిసిపోతుంది.

అదే వాహకుడు దోమలు లేని నగరంలో స్థిరపడితే ఆ రక్షణతో ఏ ఉపయోగమూ లేదు, పిల్లలకు వ్యాధి వచ్చే అవకాశం మాత్రం మిగులుతుంది. అమెరికాలోని ఆఫ్రికన్ సంతతికి జరిగింది అదే.

పొరపాటు ఎలా దొర్లుతుంది

కణం విభజన చెందే ప్రతిసారీ 600 కోట్ల అక్షరాలనూ మళ్లీ రాయాలి. రాసే ఎంజైము పాలిమరేజ్. జోడీ కుదరని అక్షరాన్ని అది చాలావరకు మొదట్లోనే తిప్పికొడుతుంది, అయినా లక్షకు ఒకటి చొప్పున తప్పుతుంది. అంటే ఒక్క విభజనలో అరవై వేల తప్పులు. కానీ రాసింది రాసినట్టే వెనక్కి చూసుకుని తప్పు అక్షరాన్ని కత్తిరించే గుణమూ దానికే ఉంది. అది కూడా దాటిపోయినవాటిని, కాపీ పూర్తయ్యాక వచ్చే ఇంకో ఎంజైముల దళం వెతికి దిద్దుతుంది. చేటతో చెరిగి, చేత్తో రాళ్లు ఏరి, చివరికి నీళ్లలో గాలించి పొయ్యి మీద పెట్టిన బియ్యం లాంటిదన్నమాట. ఇన్ని దాటుకుని కూడా ఎప్పుడో ఒకసారి పంటికింద రాయి తగులుతుంది. వందల కోట్ల అక్షరాలకు ఒకటి.

కాపీ జరగని సమయంలోనూ డీఎన్‌ఏ ఊరికే ఉండదు. ఒంటి వేడికీ, చుట్టూ ఉన్న నీటికీ ప్రతి కణంలో రోజూ వేల అక్షరాలు దారం నుంచి ఊడిపోతుంటాయి. కొన్ని సీ అక్షరాలు రసాయనికంగా కుళ్లి టీలుగా మారతాయి. డీఎన్‌ఏ ఇంత అస్థిరమైనదని మొదట చెప్పిన థామస్ లిండాల్, దాన్ని దిద్దే యంత్రాంగాలను విడదీసి చూపిన పాల్ మోడ్రిచ్, అజీజ్ సన్‌జార్‌లతో కలిసి 2015లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. అంటే మ్యుటేషన్ రావడానికి విషమో రేడియేషనో తగలాల్సిన పనిలేదు. బతికి ఉండటమే చాలు. మనం 'కారణం' అని పిలిచేవన్నీ ఈ మామూలు వేగాన్ని పెంచేవి.

పెంచవచ్చని మొదట రుజువు చేసినవాడు హెర్మన్ ముల్లర్. 1927లో పండు ఈగలపై ఎక్స్‌రేలు ప్రసరింపజేసి, మ్యుటేషన్ల సంఖ్యను ఎన్నో రెట్లు పెంచాడు. తర్వాత మస్టర్డ్ గ్యాస్ అనే యుద్ధ విషవాయువు కూడా అదే పని చేస్తుందని షార్లెట్ ఆవర్‌బాక్ చూపించింది. ఇదే విద్యను పంటల మీద వాడి, ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం టీఏజీ-24 వంటి వేరుశనగ రకాలను తీసింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పక్కపక్కనున్న రెండు టీలను ఒకదానికొకటి అతికిస్తాయి. ఆ అతుకును కత్తిరించి బాగుచేసే ఎంజైము పుట్టుకతోనే లేని పిల్లలకు కాసేపు ఎండలో ఆడుకోవడం కూడా చర్మ క్యాన్సర్‌కు దారి తీస్తుంది.

మనకు మరీ దగ్గరవి రెండున్నాయి. వేరుశనగ కాయలు తడిసి బూజు పడితే అందులో చేరే అఫ్లాటాక్సిన్ ఒకటి. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏళ్ల తరబడి దీనిపై పనిచేస్తోంది. ఈ విషం కాలేయంలో చేసే మార్పు ఎంత కచ్చితమైనదంటే, క్యాన్సర్‌ను అదుపుచేసే పీ53 జన్యువులో 249వ మాటలోని మూడో అక్షరం జీ కాస్తా టీ అవుతుంది. ఆ మార్పు కనిపిస్తే, రోగి ఏం తిన్నాడో కణితి చెప్పేసినట్టే.

రెండోది అడ్డపొగ. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు. పొగాకు తారులోని రసాయనాలు జీ అక్షరాన్ని పట్టుకుని, కాపీ సమయంలో దాన్ని టీగా చదివిస్తాయి. దానికి తోడు నిప్పు సెగ నేరుగా అంగిటికి తగులుతుంది. సెగకు కణాలు చచ్చేకొద్దీ పక్క కణాలు ఆ చోటు నింపడానికి మళ్లీ మళ్లీ విభజన చెందాలి, ప్రతి విభజనలో ఆ తప్పులు పక్కా అవుతాయి. మామూలుగా పొగ తాగేవారిలో అరుదైన అంగిటి క్యాన్సర్ ఆ పల్లెల్లో ఎక్కువగా కనిపించడం విశాఖ వైద్యులు ఎప్పుడో నమోదు చేసిన విషయం.

అయితే ఆ అవ్వ అంగిట్లోని మార్పు మనవరాలికి రాదు. శరీర కణాల్లో వచ్చిన మ్యుటేషన్ ఆ శరీరంతోనే ముగుస్తుంది. తరం దాటాలంటే అది అండంలోనో వీర్యకణంలోనో జరగాలి.

కాకినాడకు దేహం ఇచ్చిన మనిషి

తరం దాటే మ్యుటేషన్లు ఎంత తరచుగా వస్తాయో డీఎన్‌ఏ నిర్మాణం తెలియకముందే లెక్కగట్టినవాడు బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. 1935లో ఆయన హీమోఫీలియాను పట్టుకున్నాడు. రక్తం గడ్డకట్టని ఈ జబ్బున్న మగపిల్లలు ఆ రోజుల్లో పెరిగి పిల్లల్ని కనడం అరుదు. అలాంటప్పుడు ఆ జన్యువు కొన్ని తరాల్లో అంతరించాలి. కానీ జబ్బు తగ్గడం లేదు. పోతున్నంత కొత్తగా వచ్చి చేరుతుంటేనే అది సాధ్యం. ఆ లెక్కన ఒక తరంలో సుమారు 50 వేలకు ఒకటి చొప్పున ఆ జన్యువు కొత్తగా పాడవుతోందని ఆయన అంచనా. విక్టోరియా రాణి ఈ జబ్బుకు వాహకురాలు. ఆమె పూర్వీకులలో మాత్రం దాని జాడ లేదు. ఆమె పుట్టేనాటికి తండ్రి వయసు 51.

తండ్రి వయసు ప్రస్తావన ఊరికే చేయలేదు. కొత్త మ్యుటేషన్లు మగవారి వైపు నుంచే ఎక్కువ వస్తాయని 1947లో హాల్డేనే అన్నాడు. ఇప్పుడు తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి జన్యుక్రమాలూ మొత్తం చదివి పోలుస్తున్నారు, ఆయన మాట నిలబడింది. ప్రతి బిడ్డలో తల్లిదండ్రులిద్దరిలోనూ లేని కొత్త మార్పులు అరవై డెబ్బై దాకా ఉంటాయి. వాటిలో ఎక్కువ పాలు తండ్రివి. ఆడవారి అండకణాల డీఎన్‌ఏ కాపీ పని వాళ్లు పుట్టకముందే ముగిసిపోతుంది. మగవారిలో వీర్యకణాల మూలకణాలు జీవితాంతం విభజన చెందుతూనే ఉంటాయి. తండ్రికి ఏడాది వయసు పెరిగితే బిడ్డకు సగటున ఒకటి రెండు కొత్త మార్పులు కలుస్తాయి. పెళ్లికొడుకు వయసు ఎంతైనా ఫరవాలేదనే మన పెద్దల ధోరణికి ఇది కాస్త ఇబ్బందికరమైన లెక్క.

హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చేసి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబర్‌లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.

'అలవాటు పడింది' అనే మాట

పత్తి రైతును కదిలిస్తే, గులాబీ పురుగు బీటీకి (ఒక బాక్టీరియా జన్యువును చేర్చడంతో పత్తి మొక్కే తయారుచేసుకునే పురుగుల విషానికి) అలవాటు పడిపోయిందంటాడు. ఈ మాటను నేను వ్యవసాయ కార్యక్రమాల్లో నిపుణుల నోట కూడా విన్నాను. విషయం అర్థం కావడానికి ఇంతకంటే పెద్ద అడ్డంకి లేదు. బీటీ విషం తిన్న పురుగు దానికి అలవాటు పడదు, చచ్చిపోతుంది. బతికింది వేరే పురుగు. దాని పేగులో విషం అతుక్కునే క్యాడెరిన్ అనే ప్రోటీన్ అంతకుముందే మారి ఉంది.

'అంతకుముందే' అన్న విషయాన్ని సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ 1943లో తేల్చారు. అధ్యాపకుల విందులో జూదపు యంత్రం దగ్గర ఒకాయన డబ్బు పోగొట్టుకుంటూ పోగొట్టుకుంటూ ఉన్నట్టుండి గుప్పెడు గెలవడం చూసి లూరియాకు ఆలోచన తట్టిందట. బాక్టీరియాను చాలా గొట్టాల్లో విడివిడిగా పెంచి, అన్నిటినీ వైరస్‌కు గురిచేశారు. వైరస్‌ను చూశాకే బాక్టీరియా మారుతున్నట్టయితే ప్రతి గొట్టంలోనూ బతికినవి కాస్త అటూఇటూగా సమానంగా ఉండాలి. అలా జరగలేదు. చాలా గొట్టాల్లో ఒక్కటీ మిగల్లేదు, కొన్నిట్లో రెండు మూడు, ఎక్కడో ఒకదాంట్లో వందకు పైగా. అంటే ఆ గొట్టంలో మార్పు ముందెప్పుడో, వైరస్ ముఖం చూడకముందే వచ్చి, దాని సంతానం అప్పటికే పెరిగి ఉంది.

మ్యుటేషన్ అవసరాన్ని చూసి రాదు. వచ్చినవాటిలో ఏది మిగలాలో పరిసరాలు తేలుస్తాయి. మనం ఎకరాలకు ఎకరాలు ఒకే విషంతో నింపి, ఆ తేల్చే పని చేశాం. బీటీ పత్తికి 2002లో అనుమతి వస్తే, మొదటి తరం బీటీని గులాబీ పురుగు తట్టుకుంటోందని 2010కల్లా గుజరాత్ నుంచి కబురొచ్చింది.

ఇక్కడ కాపీల లెక్క మళ్లీ పనికొస్తుంది. ఈ నిరోధకత పనిచేయాలంటే చాలావరకు రెండు కాపీలూ మారినవై ఉండాలి. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ ప్యాకెట్ ఇచ్చి, పొలం గట్ల వెంట వేయమన్నారు. ఆ మొక్కల మీద మామూలు పురుగులు బతుకుతాయి. బీటీని తట్టుకున్న ఒకటో రెండో రెక్కల పురుగులు వాటితో జతకడితే పిల్లలకు ఒక్క కాపీయే అందుతుంది, బీటీ తినగానే పోతాయి. లెక్క చక్కనిదే. కానీ పురుగును మేపడానికి భూమి వదులుకోమంటే కౌలు కట్టే రైతు ఎందుకు వింటాడు? చాలామంది ఆ చిన్న ప్యాకెట్‌ను గట్టు మీదే పారేశారు. వాళ్లను తప్పుపట్టే ముందు, దాని పనేమిటో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా అని అడగాలి.

కొత్త అక్షరం వేరు, కొత్త కలయిక వేరు

అన్నదమ్ములు ఒకేలా ఉండకపోవడానికి మ్యుటేషన్లే కారణమని చాలామంది అనుకుంటారు. వాళ్ల మధ్య తేడాల్లో అత్యధిక భాగం పాత అక్షరాలే కొత్తగా కలవడం వల్ల వస్తుంది. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు తాత నుంచి వచ్చిన క్రోమోజోమూ, నాయనమ్మ నుంచి వచ్చిన క్రోమోజోమూ ముక్కలు మార్చుకుంటాయి. ప్రతిసారీ వేరే కలయిక. సాంబ మసూరిలో జరిగిందీ ఇదే. కోనామణిలో వచ్చిన మార్పూ, తైవాన్ పొట్టితనమూ ఎప్పుడెప్పుడో, ఎక్కడెక్కడో పుట్టిన మ్యుటేషన్లు. సంకరం వాటిని ఒక గింజలోకి తెచ్చింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని తయారుచేసినప్పుడు కూడా కొత్త అక్షరమేదీ రాయలేదు. వేరే వరుల్లో ఉన్న మూడు జన్యువులను సంకరాలతో తెచ్చి చేర్చారు. అయితే కలపడానికి ముందు ఎక్కడో ఒకచోట కొత్త అక్షరం పుట్టి ఉండాలి. అది పుట్టించగలిగేది మ్యుటేషన్ ఒక్కటే.

పుట్టిన అక్షరం ఎంతమందికి చేరుతుందన్నది మాత్రం చాలాసార్లు పెళ్లిళ్లు తేలుస్తాయి. మన దేశంలో కులం లోపలే పెళ్లిళ్లు వేల ఏళ్లుగా సాగుతున్నాయి. ఒక సమూహం మొదట్లో చిన్నదై, తర్వాత తనలో తానే పెరిగితే, ఆ కొద్దిమందిలో ఎవరికో ఉన్న అరుదైన అక్షరం వేలమందికి చేరుతుంది. దీనికి ప్రపంచ పరిశోధనా పత్రాల్లో చూపే ఉదాహరణ మన ఆర్యవైశ్యులు. శస్త్రచికిత్సలో కండరాలను వదులుచేయడానికి ఇచ్చే సక్సినైల్‌కోలీన్ అనే మందు మామూలుగా కొన్ని నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరిచే ఎంజైము జన్యువులో ఒక అక్షరం మారినవాళ్లు వీరిలో మిగతా సమూహాలకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. రెండు కాపీలూ మారిన వ్యక్తికి ఆ మందు ఇస్తే గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీద ఉంచాలి. ఆపరేషన్ బల్ల ఎక్కనివారికి జీవితంలో ఈ తేడా ఉందనే తెలియదు. ఆ మందు కనిపెట్టకముందు ఇది లోపమే కాదు. ఏ కులానికీ ఇందులో చిన్నతనం లేదు. ఇలా లోలోపల పెరిగిన సమూహాలు దక్షిణాసియాలో లెక్కలేనన్ని, ఒక్కోదానికి ఒక్కో అక్షరం. తెలుసుకుంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పుకోవచ్చు.

మేనరికం విషయంలో ఒక అపోహ ఉంది. దగ్గరి పెళ్లి వల్ల జన్యువులు పాడవుతాయంటారు. పెళ్లి ఏ జన్యువునూ పాడుచేయదు. మనలో ప్రతి ఒక్కరిలో ఒక్క కాపీగా దాగిన హానికర మార్పులు కొన్ని ఉంటాయి. పరాయి ఇంటి సంబంధమైతే అవతలివారిలో అదే మార్పు ఉండటం అరుదు. మేనబావ, మేనమరదలైతే ఇద్దరికీ అది ఒకే తాత నుంచి వచ్చి ఉండవచ్చు. వాళ్ల బిడ్డకు ఏ జన్యువులోనైనా ఒకే పూర్వీకుడి కాపీ రెండు వైపుల నుంచీ అందే అవకాశం పదహారింట ఒకటి. మేనమామ, మేనకోడలైతే ఎనిమిదింట ఒకటి. హాల్డేన్ శిష్యుడు, తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణ అరవయ్యో దశకంలోనే ఆంధ్రలో ఈ పెళ్లిళ్లను లెక్కలతో పరిశీలించాడు.

ఇంకో మ్యుటేషన్ సాయం

సికిల్‌సెల్ ఉన్నా, నొప్పులు పెద్దగా లేకుండా తిరిగేవారు కొందరుంటారు. కడుపులో ఉన్న బిడ్డ వాడుకునేది వేరే హిమోగ్లోబిన్. దాంట్లో బీటా గొలుసే ఉండదు కాబట్టి ఈ అక్షరంతో దానికి సంబంధం లేదు. పుట్టాక కొద్ది నెలల్లో అది ఆగిపోయి పెద్దల హిమోగ్లోబిన్ మొదలవుతుంది, జబ్బు కూడా అప్పుడే బయటపడుతుంది. కొందరిలో, వేరే మ్యుటేషన్ వల్ల, బిడ్డ హిమోగ్లోబిన్ ఆగకుండా జీవితాంతం వస్తూనే ఉంటుంది. ఊచలు పేరుకోకుండా అది అడ్డం పడుతుంది. భారతీయ ఆదివాసులలో సికిల్ అక్షరం ఉన్న క్రోమోజోము మీదే బిడ్డ హిమోగ్లోబిన్‌ను కొంత పెంచే మార్పు కూడా తరచు ఉంటుంది. మన దగ్గర జబ్బు కొందరిలో ఆఫ్రికాలో అంత తీవ్రంగా లేకపోవడానికి అదొక కారణం. అందరికీ ఆ అదృష్టం లేదు.

హైడ్రాక్సీయూరియా మాత్ర చేసే పనుల్లో ముఖ్యమైనది ఈ బిడ్డ హిమోగ్లోబిన్‌ను పెంచడమే. 2023 చివర్లో బ్రిటన్, అమెరికాలు అనుమతించిన క్యాస్‌జెవీ అనే జన్యు చికిత్స కూడా ఆరో స్థానంలోని వాలీన్ జోలికే పోదు. బిడ్డ హిమోగ్లోబిన్‌ను ఆపేసే బీసీఎల్11ఏ అనే జన్యువు ఎర్ర రక్తకణాల్లో సరిగా పనిచేయకుండా, రక్త మూలకణాల్లోని డీఎన్‌ఏను కత్తిరిస్తుంది. ఒక మ్యుటేషన్ తెచ్చిన కష్టానికి, చేజేతులా ఇంకో మ్యుటేషన్ పుట్టించి విరుగుడు చేయడం. అనుమతి వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన ఏజెన్సీ ఆసుపత్రులకు అది సమీప భవిష్యత్తులో వచ్చేది కాదు. అందుకే 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ ప్రధానంగా రక్తపరీక్షలూ, వాటి ఫలితం రాసిచ్చే కార్డులూ, పెళ్లికి ముందు సలహాలూ అనే దారి పట్టింది.

ఆ సలహాల్లో తరచు తప్పుగా అర్థమయ్యే మాట ఒకటుంది. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే నలుగురిలో ఒకరికి జబ్బు అని చెబుతారు. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ భయం లేదని వినేవారు అనుకుంటారు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే, ప్రతిసారీ నాలుగింట ఒక వంతు. కోట్లు పోసి క్యాస్‌జెవీ చేయించుకున్నవారికి కూడా ఈ సలహా అవసరమే. కత్తిరింపు జరిగింది రక్త మూలకణాల్లో మాత్రమే. వాళ్ల అండాల్లో, వీర్యకణాల్లో పాత అక్షరం అలాగే ఉంటుంది, పిల్లలకు అదే అందుతుంది.